బరువులెత్తే మోటారుకు డ్రైవు అమర్చేటప్పుడు



ఈ వేళ మనం విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని మాట్లాడుకోవటం లేదు. బరువును పైకెత్తి కిందికి దించే మోటారును గురించి, దానికి వేగం మార్చే డ్రైవును ఎలా అమర్చుకోవాలనే సంగతిని గురించి చెప్పుకొందాం. ఇది పట్నం వాళ్ళ గొడవ, మనకెందుకని పుట తిప్పేయకండి. మీ ఊరి ధాన్యం మిల్లులో ఎలివేటరున్నది. గోదాములో బస్తాలెత్తే హాయిస్టున్నది. వేసవి వచ్చిందంటే బావిలో పూడిక తీసే క్రేను గట్టు మీదికి వస్తుంది. ఇలాంటి వాటికి ఇప్పుడు డ్రైవులు పెడుతున్నారు. పెట్టేవాళ్ళలో కొందరు పంపుసెట్టుకు పెట్టినట్టే వీటికీ పెట్టి, డబ్బు పుచ్చుకొని పోతున్నారు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

నీళ్ళ పంపుకు పెట్టిన డ్రైవు ఆగిపోతే నీళ్ళు ఆగుతాయి, అంతే. బరువు వేలాడుతున్న మోటారుకు పెట్టిన డ్రైవు ఆగిపోతే ఆ బరువు ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకొని మిగతాది చదవండి.

నాకీ సంగతి బాగా బోధపడింది పల్లెలో కాదు, హైదరాబాదులో, ఫిలింనగర్‌లో. మీలో చాలామంది ఆ పేరు సినిమా పత్రికల్లో చూసినవారే. జూబ్లీహిల్స్, దాని వాలున ఫిలింనగర్, అదంతా ఒకనాడు బండరాళ్ళ గుట్ట. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976 లో పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చిన కొద్దీ ఆ గుట్టల మీద ఇళ్ళు, ఆఫీసులు, స్టూడియోలు లేచాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర 2019 లో మెట్రో స్టేషను గూడా తెరిచారు. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా అంతస్తు మీద అంతస్తు. ప్రతిదానికీ లిఫ్టు. కట్టేచోట ఇటుకా సిమెంటూ ఎత్తే హాయిస్టు. షూటింగు ఫ్లోర్లలో లైట్లు వేలాడదీసే కమ్మీలను ఎక్కించి దించే మోటార్లు. వీటి మీట పట్టుకొన్న చేతుల్లో మన పల్లెల నుంచి వెళ్ళిన పిల్లల చేతులు తక్కువేమీ కాదు.

అక్కడ ఒక సందులో సినిమా సెట్ల సామాను దాచే గోదామున్నది. పేరుతో మనకు పనిలేదు. ప్లైవుడ్డు పలకలు, థర్మోకోలు స్తంభాలు, నాలుగు రాజ్యాలకు సరిపడా సింహాసనాలు, అన్నీ మూడంతస్తుల్లో పేర్చి ఉన్నవి. పైకెక్కించేందుకు 500 కిలోల హాయిస్టు. దాన్ని నడిపేవాడు నల్లగొండ వైపు రైతుబిడ్డ. నన్ను చూసి, “కొత్త డ్రైవు పెట్టినకాడికెల్లి ఇది గడగడ వణుకుతాంది సార్. మొన్న ఆపినంక జానెడు జారింది. కింద మనిషున్నడు” అన్నాడు. మేస్త్రిని అడిగితే, “కొత్త కదా, సర్దుకొంటుంది లెండి” అన్నాడు. చెప్పుకు మొదట్లో కరచే గుణం ఉంటుంది, వాడగా పోతుంది. మోటారుకు అలాంటి గుణం లేదు.

కరెంటు తీయించి, ఆగవలసినంత సేపు ఆగి, మోటారు మీది పెట్టె మూత తెరిపించి చూశాం. బ్రేకు కాయిలుకు పోయే తీగెలు మోటారు తీగెల మీదనే కలిపి ఉన్నవి. జబ్బు దొరికింది. అది జబ్బెందుకయిందో తెలియాలంటే డ్రైవు ఏంచేస్తుందో ముందు తెలుసుకోవలె.

మన లైన్లలో వచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అనగా సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపును బట్టే మోటారు తిరుగుతుంది. నాలుగు పోళ్ళ మోటారయితే లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు తిరగవలె. నిజంగా బరువు పడ్డప్పుడు సుమారు 1440 తిరుగుతుంది. ఆ 60 చుట్ల వెనుకబాటునే స్లిప్పు అంటారు. డ్రైవు అనేది ముందుగా 415 వోల్టుల ఏ.సి. కరెంటును సుమారు 585 వోల్టుల డి.సి.గా మార్చి తన కెపాసిటర్లలో నింపుకొంటుంది. తరువాత దాన్ని సన్నసన్నని ముక్కలుగా కోసి, మనం ఎన్ని హెర్ట్జ్ అడిగితే అన్ని హెర్ట్జ్ కరెంటుగా అల్లి మోటారుకిస్తుంది. హెర్ట్జ్ తగ్గించినప్పుడల్లా వోల్టులను గూడా తగ్గిస్తుంది. 25 హెర్ట్జ్ దగ్గర సుమారు సగం వోల్టులే, 5 హెర్ట్జ్ దగ్గర పదో వంతే. మీ సోలారు పంపుసెట్టు పెట్టెలో ఉన్నది గూడా ఈ జాతి సరకే.

ఇక బ్రేకు సంగతి. హాయిస్టు బ్రేకు స్ప్రింగు బలంతో పట్టుకొంటుంది, కరెంటుతో విడుతుంది. కరెంటు పోతే దానంతటదే పట్టుకోవలె గనుక అలా చేశారు. పాత స్టార్టరు ఉన్నన్నాళ్ళు మోటారుకు ఎప్పుడూ నిండు వోల్టులే అందేవి. బ్రేకు కాయిలును మోటారు మీదనే కలిపినా దానికీ నిండు వోల్టులే. డ్రైవు వచ్చాక మోటారు నెమ్మదిగా బయలుదేరుతుంది. అప్పుడు కాయిలుకు అందేది పదోవంతు. బ్రేకు పూర్తిగా విడవదు, పూర్తిగా పట్టదు. గడగడలాడుతూ రాసుకొంటుంది, కాలుతుంది, దాని లైనింగు అరుగుతుంది. కొన్నాళ్ళకు జానెడు జారుతుంది. ఆ తరువాత జానెడుతో ఆగదు.

కాబట్టి మొదటి పని ఇది: బ్రేకు కాయిలును డ్రైవు దాటిన తీగెల మీద ఎన్నడూ కలపరాదు. దానికి డ్రైవుకు ముందున్న లైను నుంచి వేరే దారి, వేరే కాంటాక్టరు ఉండవలె. ఆ కాంటాక్టరును ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో డ్రైవు చెబుతుంది. డి.సి. కాయిలు గల బ్రేకయితే, దాని డి.సి. వైపునే తెగ్గొట్టే ఏర్పాటుంటే బ్రేకు చప్పున పడుతుంది. ఏ.సి. వైపు మాత్రమే తెగ్గొడితే కాయిలులోని శక్తి చల్లారే దాకా కాస్త ఆలస్యం చేస్తుంది. వేలాడే బరువు దగ్గర ఆ కాస్తే చాలా ఎక్కువ.

ఇప్పుడు వరుస చెబుతాను. బయలుదేరేటప్పుడు ముందు మోటారు బరువును తన మీదికి తీసుకోవలె, తరువాతే బ్రేకు విడవవలె. మోటారులో చాలినంత కరెంటు పారుతున్నదని డ్రైవు తేల్చుకొన్నాకనే “బ్రేకు విడువు” అనవలె. ఆగేటప్పుడు దీనికి తలకిందులు. వేగం బాగా తగ్గాక బ్రేకుకు “పట్టుకో” అనవలె. బ్రేకు నిజంగా పట్టుకొనేందుకు పావు సెకనో, ఇంకొంచెమో పడుతుంది. అంతసేపూ మోటారు బరువును వదలకుండా నిలవవలె. పైనున్న మేడిపండ్ల గంపను ఒకరి నెత్తి మీది నుంచి ఇంకొకరి నెత్తికి మార్చటం చూడండి. రెండో వాడి చేతులు గట్టిగా తగిలాకనే మొదటివాడు వదులుతాడు. అదే మర్యాద మోటారుకూ బ్రేకుకూ మధ్య కుదర్చవలె. మంచి డ్రైవుల్లో హాయిస్టు కోసం ఈ బ్రేకు వరుస లోపలే రాసి ఉంటుంది. ఎన్ని హెర్ట్జ్ దగ్గర విడవాలి, ఎంత కరెంటు ఉంటే విడవాలి, ఎన్ని హెర్ట్జ్ దగ్గర పట్టుకోవాలి, ఈ అంకెలు మనం నింపవలె. సాదా వోల్టు-హెర్ట్జ్ పద్ధతిలో నడిచే డ్రైవయితే, విడిచే హెర్ట్జ్‌ను మోటారు స్లిప్పుకు దగ్గరగా పెట్టటం వాడుక. 1440 చుట్ల మోటారుకు స్లిప్పు 60 చుట్లు, అనగా 2 హెర్ట్జ్. అక్కడి నుంచి మొదలుపెట్టి, బరువు పెట్టి చూసి దిద్దుకోవలె. ఈ ఏర్పాటే లేని చవకరకం డ్రైవును హాయిస్టుకు కొనకండి. వెయ్యి రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది గాని, మిగలదు.

రెండో పెద్ద సంగతి దించటం. ఎత్తటం కష్టం, దించటం సులువు అనుకొంటాం. డ్రైవుకు మాత్రం దించటమే కష్టం. మోట తోలిన పెద్దలెవరైనా ఇంట ఉంటే అడగండి. నిండు బానతో ఎడ్లు కాలు జారితే బాన ఎడ్లనే వెనక్కి లాక్కుపోయేది. పల్లంలో దిగే బండి గూడా అంతే, ఎడ్లు బండిని లాగవు, బండే ఎడ్లను తోస్తుంది. అలాగే దిగే బరువు మోటారును తిప్పుతుంది. అప్పుడది మోటారు కాదు, కరెంటు పుట్టించే డైనమో. ఆ కరెంటు వెనక్కి డ్రైవులోకి వచ్చి కెపాసిటర్లలో పడుతుంది. 585 వోల్టులున్నచోట 700 దాటుతుంది. హద్దు మీరితే డ్రైవు తనను తాను కాపాడుకొనేందుకు ట్రిప్పయి మోటారును వదిలేస్తుంది. అప్పుడు మిగిలేది బ్రేకొక్కటే.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా పోయే మెట్రో బండి ఆగేటప్పుడు అలా పుట్టిన కరెంటును తిరిగి లైనులోకి పంపుతుంది. మన హాయిస్టు డ్రైవులో సాధారణంగా ఆ ఏర్పాటుండదు. పుట్టిన కరెంటును వేడిగా తగలబెట్టేందుకు బ్రేకింగు రెసిస్టరు అనే దానిని పెట్టవలె. లెక్క చూడండి. 500 కిలోల బరువు సెకనుకు అర మీటరు చొప్పున కదిలితే దానికయ్యే శక్తి సుమారు 2450 వాట్లు. గేరు పెట్టెలో, గిలకల్లో పోయేది కలుపుకొంటే ఎత్తేందుకు మూడున్నర కిలోవాట్లు కావలె. అందుకే 5 హార్స్‌పవరు మోటారు పెడతారు. దించేటప్పుడు అదే నష్టం మనకు సాయం చేస్తుంది గనుక వెనక్కి వచ్చేది సుమారు 1700 వాట్లు. దించినంతసేపూ ఒక పెద్ద ఇస్త్రీపెట్టెను మించిన వేడి అన్నమాట. రెసిస్టరు ఓములు డ్రైవు పుస్తకంలో చెప్పిన కనీసానికి తగ్గకూడదు, తగ్గితే డ్రైవు కాలుతుంది. ఎన్ని వాట్లు మోయగలదో, ఎంతసేపు మోయగలదో గూడా చూడవలె. హీటరు కాయిలు చుట్టి రెసిస్టరని బిగించిన వాళ్ళను నేను చూశాను. అలాంటి వాళ్ళను గడప తొక్కనివ్వకండి.

ఈ రెసిస్టరును ఎక్కడ పెడుతున్నారో గూడా గమనించండి. ఆ గోదాములో దాన్ని ప్లైవుడ్డు పలకకే మేకులు కొట్టి బిగించారు! చుట్టూ థర్మోకోలు. మిల్లులోనయితే తవుడు దుమ్ము, గోనెపట్టాలు ఉంటాయి. రెసిస్టరు విడిగా ఇనుప జాలీ పెట్టెలో, గాలి ఆడేచోట, అంటుకొనే వస్తువుకు దూరంగా ఉండవలె. అది హద్దు మీరి వేడెక్కితే మెయిన్ కాంటాక్టరును పడగొట్టే వేడి స్విచ్చి తగిలించవలె. డ్రైవుకు చెప్పి ఊరుకొంటే చాలదు, ఎందుకంటే డ్రైవు లోపలి భాగమే చెడి రెసిస్టరు ఆగకుండా కాలటం గూడా కద్దు.

ఇక్కడే ఒక దొంగ సెట్టింగున్నది. చాలా డ్రైవుల్లో “వోల్టులు పెరిగితే ఆగే వేళను పొడిగించు” అనే గుణం ఫ్యాక్టరీ నుంచే వేసి వస్తుంది. పంపుకూ ఫ్యానుకూ అది మేలే. బరువు దించేటప్పుడు మాత్రం, ఆపమని మీట వదిలినా డ్రైవు తన ఇష్టప్రకారం ఇంకా కొంత దూరం దించుతూ పోతుంది. రెసిస్టరు పెట్టిన హాయిస్టుకు ఆ గుణాన్ని తీసివేయవలె. “ఫ్యాక్టరీ సెట్టింగులు చాలు, ఏమీ ముట్టుకోనక్కరలేదు” అని అమ్మేవాడంటే నమ్మవద్దు. ఆ ఫ్యాక్టరీ వాడికి మీది పంపో, హాయిస్టో తెలియదు.

తక్కిన సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. మోటారు రేకు మీదున్న వోల్టులు, ఆంపియర్లు, హెర్ట్జ్, చుట్లు చూసి ఉన్నవి ఉన్నట్టు నింపవలె. డ్రైవును హార్స్‌పవరు చూసి కాక ఆంపియర్లు చూసి, భారీ పనికి ఒప్పే రకాన్ని ఎంచవలె. ఒక నిమిషం పాటు 150 శాతం కరెంటు మోయగలదా అని అడగండి. వెక్టర్ పద్ధతి ఉన్న డ్రైవు మోటారును పరీక్షించి దాని గుణం తెలుసుకొంటుంది. ఆ పరీక్షల్లో మోటారును తిప్పి చేసేదొకటి, నిలిపి చేసేదొకటి. తాడూ బరువూ తగిలి ఉన్న మోటారును తిప్పే పరీక్ష ఎన్నడూ చేయరాదు. నిలిపి చేసేదే చేయవలె, లేదా మోటారును గేరు పెట్టె నుంచి విప్పి చేయవలె. 50 హెర్ట్జ్ పైన బరువుతో నడపకండి, అక్కడ మోటారు బలం తగ్గుతుంది. మరీ తక్కువ హెర్ట్జ్‌లో చాలాసేపు నడపకండి, మోటారు వెనుక ఫ్యాను గూడా నెమ్మదిగా తిరుగుతుంది గనుక మోటారు ఉడుకుతుంది.

ఆగే వేళ మాత్రం నిదానంగా ఆలోచించవలసిన అంకె. సెకనుకు అర మీటరు వేగంతో పోయే బరువు ఒకటిన్నర సెకనులో ఆగేట్టు పెడితే సుమారు 38 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. నాలుగు సెకన్లు పెడితే మీటరు. పంపుకు పెట్టినట్టు పది సెకన్లు పెడితే రెండున్నర మీటర్లు. పై లిమిట్ స్విచ్చి దూలానికి 60 సెంటీమీటర్ల కిందనే ఉన్నదనుకోండి. పాత స్టార్టరుతో స్విచ్చి తగలగానే బ్రేకు పడి ఆగేది. పది సెకన్ల డ్రైవుతో కొక్కెం వెళ్ళి దూలానికి గుద్దుకొని, తాడు తెగుతుంది. అంటే డ్రైవు పెట్టిన రోజున లిమిట్ స్విచ్చుల చోటును గూడా మళ్ళీ కొలవవలె. పైన ముందుగా వేగం తగ్గించే స్విచ్చి, తరువాత ఆపే స్విచ్చి, ఆ రెండూ దాటితే మెయిన్ కాంటాక్టరునూ బ్రేకునూ నేరుగా తెగ్గొట్టే చివరి స్విచ్చి ఉండవలె. ఆ చివరిది డ్రైవును అడగకూడదు. ఎర్రమీట, అనగా అత్యవసరంగా ఆపే మీట గూడా అంతే. అది డ్రైవు చేతిలో పెట్టిన అర్జీ కాకూడదు. తీగె ద్వారానే కరెంటు తెగి బ్రేకు పడిపోవలె. అయితే రోజువారీ ఆపటానికి ఎర్రమీట వాడకండి. ప్రతిసారీ నిండు వేగంలో బ్రేకు పడితే లైనింగు నిలవదు.

ఆటో స్టార్టరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, బోర్ల ఆటో స్టార్టర్లు తీసివేయండని ఊరూరా చెప్పారు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేవటం నీటికి నష్టమని ఆ మాట. డ్రైవులోనూ అలాంటి గుణమున్నది. ట్రిప్పయినాక గాని, కరెంటు పోయి వచ్చినాక గాని తనంతట తానే మళ్ళీ నడుస్తుంది. హాయిస్టులో ఇది ప్రాణానికే నష్టం. కరెంటు పోయిందని ఒకడు చిక్కుపడ్డ బస్తాను సర్దేందుకు తల లోపల పెడతాడు, కరెంటు వస్తుంది. ఆ గుణాన్ని తీసివేసి, కరెంటు వచ్చినాక మనిషి మీట వదిలి మళ్ళీ నొక్కితే తప్ప కదలకుండా చేయవలె.

తీగెల విషయం. పంపుసెట్టుకు కెపాసిటరు బిగించుకొన్న అలవాటు మనకున్నది, మంచిదే. డ్రైవు పెట్టిన మోటారుకు మాత్రం మోటారు వైపు ఆ కెపాసిటరు ఉండరాదు. ఉంటే డ్రైవు దెబ్బతింటుంది. పాత మోటారుకు డ్రైవు తగిలించేటప్పుడు దాన్ని విప్పించటం మరచిపోతుంటారు. డ్రైవు నుంచి మోటారుకు పోయే కేబులు వీలయినంత పొట్టిగా, జాలీ తొడుగు ఉన్నదిగా ఉంటే మేలు. మీటల తీగెలను దానితో కలిపి ఒకే గొట్టంలో లాగకండి, తప్పుడు సంకేతాలు పుడతాయి. డ్రైవుకూ, మోటారుకూ, పట్టీలకూ ఎర్తు వేరువేరుగా లాగి మంచి ఎర్తుకు చేర్చవలె. డ్రైవు వల్ల ఎర్తులోకి కొంత కరెంటు ఎప్పుడూ కారుతుంటుంది. ఎర్తు తెగితే ఇనుమంతా షాకు కొడుతుంది.

డ్రైవు మూత తెరిచేముందు కరెంటు తీస్తే చాలదు. లోపలి కెపాసిటర్లలో 585 వోల్టులు నిలవ ఉన్నవని చెప్పానుగదా. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవు మీదనే రాసి ఉంటుంది. సాధారణంగా ఐదు నుంచి పది. ఆగి, డి.సి. చూడగల మీటరుతో కొలిచి, సున్నాకు దిగాకనే చెయ్యి పెట్టవలె. దీపం ఆరింది గదా అని చెయ్యి పెట్టకండి.

మనుషులెక్కే లిఫ్టు వేరే జాతి. జూబ్లీహిల్స్ అపార్టుమెంట్లలో లిఫ్టు మెత్తగా బయలుదేరి మెత్తగా ఆగుతున్నదంటే అది డ్రైవు పనే. కాని దాని వెనుక ఇంకెన్నో ఉన్నవి. లిఫ్టు గదికి ఎదురు బరువు వేలాడుతుంటుంది. ఆ ఎదురు బరువు ఖాళీ గది కంటె, మోయగల బరువులో సుమారు సగమంత ఎక్కువ ఉంటుంది. అందుచేత ఖాళీ లిఫ్టు పైకి పోయేటప్పుడే మోటారు డైనమో అవుతుంది. హాయిస్టు తెలిసినవాడు ఇక్కడ తప్పులో కాలు వేస్తాడు. వేగం మించితే గదిని పట్టాలకే బిగించే ఏర్పాటొకటి ఉంటుంది. తాడు మీద నమ్మకం చాలదని లోకానికి చూపినవాడు ఎలీషా ఓటిస్ అనే అమెరికా మేస్త్రి. 1854 లో న్యూయార్కు ప్రదర్శనలో తాను పైనున్న పలక మీద నిలబడి, కట్టిన తాడును తెగ్గొట్టించాడు. పలక కాస్త దిగి ఆగిపోయింది. తలుపు తాళాలు, అంతస్తు మట్టానికి ఆగటం, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చటం, ఇవన్నీ డ్రైవుతో ముడిపడి ఉన్నవి. కాబట్టి లిఫ్టు డ్రైవు అంకెలు లిఫ్టు పని తెలిసిన అర్హుడు తప్ప ఎవరూ ముట్టరాదు. మన హాయిస్టు మీద, ఎంత మంచి డ్రైవు పెట్టినా, మనిషి ఎక్కరాదు.

ఈ మాట అనగానే బావి క్రేను గుర్తుకొస్తుంది. పూడిక గంపలోనే కూలీలు దిగటం, ఎక్కటం మీరంతా ఎరుగుదురు. మనిషిని దించేందుకు చేసిన యంత్రం కాదది. తాడుకు రెండో కాపు లేదు, వేగం మించితే పట్టే ఏర్పాటు లేదు. డ్రైవు పెట్టి నెమ్మదిగా నడిపినంత మాత్రాన అవి రావు. పైగా మెత్తగా దిగుతున్నదని ధైర్యం పెరుగుతుంది, అదొక ప్రమాదం. మనిషికి నిచ్చెనా, వేరే తాడుతో నడుముకు పటకా ఉండవలె. గంప కదిలేటప్పుడు దాని కింద ఎవరూ ఉండకూడదు.

మిల్లు ఎలివేటరుది ఇంకో తమాషా. దాని పట్టీకి గిన్నెలు వరుసగా ఉంటాయి. ధాన్యం నిండిన వైపు బరువు గనుక, కరెంటు పోగానే వెనక్కి తిరిగి ధాన్యమంతా కింది గుంటలో కుప్పపడకుండా పైన వెనక్కి తిరగనివ్వని పట్టు ఒకటి బిగిస్తారు. అలాంటి దానికి డ్రైవు పెడితే వెనక్కి తిప్పే ఆజ్ఞను డ్రైవులో మూసివేయవలె. లేకపోతే పొరపాటున మీట తిరిగిననాడు మోటారు ఒకవైపు, పట్టు ఒకవైపు లాగి ఏదో ఒకటి విరుగుతుంది. మోటారు తీగెలు కలిపిన రోజున పట్టీ విప్పి, ఎటు తిరుగుతున్నదో చూసి మళ్ళీ వేయండి. గిన్నెలు నిండి ఉన్నప్పుడు ఆగితే మళ్ళీ బయలుదేరే బలం డ్రైవుకుండవలె. ఇక దుమ్ము. డ్రైవులో చిన్న ఫ్యానుంటుంది, అది తవుడు పీల్చి నిండిపోతుంది. దుమ్ము దూరని పెట్టెలో పెట్టి, తీగెల రంధ్రాలన్నీ మూయించండి. బల్లి దూరి కాలిపోయిన డ్రైవులు తక్కువేమీ కావు.

అన్నీ అయినాక పరీక్ష. ముందు బరువు లేకుండా, నెమ్మదిగా, కొక్కెం నేలకు దగ్గరగా ఉంచి పైకీ కిందికీ నడపండి. పై మీట నొక్కితే పైకే పోతున్నదా? ఫేజులు తారుమారయితే పై లిమిట్ స్విచ్చి పనికిరాదు గనుక ఇది మొదట చూడాలి. ఒక్కొక్క లిమిట్ స్విచ్చినీ చేత్తో నొక్కి ఆగుతున్నదేమో చూడండి. తరువాత పావు బరువు, ఆ తరువాత నిండు బరువు. 500 కిలోల హాయిస్టుకు 50 కిలోల సిమెంటు బస్తాలు పది. జానెడెత్తున ఆపి అయిదు నిమిషాలు చూడండి, సుద్దతో గీసిన గీత కదలకూడదు. అదే ఎత్తున మళ్ళీ బయలుదేరదీయండి. బరువు ముందు కిందికి తగ్గి తరువాత లేస్తే బ్రేకు తొందరగా విడుతున్నదన్నమాట, అంకె దిద్దవలె. దించుతూ దించుతూ మధ్యలో మెయిన్ స్విచ్చి తీసివేయండి. బ్రేకొక్కటే ఆపగలగాలి. చివరికి 125 శాతం, అనగా పన్నెండున్నర బస్తాలతో ఒకసారి, యంత్రం తయారీవారు ఒప్పితేనే. అంతసేపూ కింద మనిషి ఉండరాదు, చుట్టూ తాడు కట్టి పిల్లలను రానివ్వకండి.

ఆ సెట్ల గోదాముకు నెల తరువాత మళ్ళీ వెళ్ళాను. బ్రేకుకు వేరే కాంటాక్టరు వచ్చింది, లైనింగు మార్చారు, రెసిస్టరు వెలుపలి గోడకు చేరింది. మన నల్లగొండ పిల్లవాడు పానెల్ తలుపు తెరిచి లోపల అంటించిన కాగితం చూపించాడు. డ్రైవులో పెట్టిన అంకెలన్నీ, పెట్టిన తేదీతో సహా, తెలుగులో తన చేత్తో రాసుకొన్నాడు. డ్రైవు కాలి కొత్తది తెచ్చిననాడు ఆ కాగితం లేకపోతే మళ్ళీ ఫ్యాక్టరీ అంకెలే మిగులుతాయి. విస్తరణ ఉద్యోగులు మిల్లుకో, గోదాముకో వెళ్ళినప్పుడు ఆ తలుపు తెరిపించి ఇలాంటి కాగితమున్నదా అని అడగవచ్చు.

ఒక ప్రశ్న తరచు వస్తుంటుంది: ఊళ్ళో సింగిల్ ఫేజే ఉన్నది, డ్రైవుతో త్రీఫేజు హాయిస్టు నడపవచ్చునా అని. చిన్న మోటారయితే నడపవచ్చు. సింగిల్ ఫేజు తీసుకొనే డ్రైవు సాధారణంగా 230 వోల్టుల త్రీఫేజునే ఇస్తుంది. మన దగ్గర 2, 3 హార్స్‌పవరు మోటార్లు చాలావరకు స్టార్ పద్ధతిలో కలిపి ఉంటాయి. ఆరు తీగెలూ బయటికి వచ్చి ఉంటే వాటిని డెల్టాకు మార్చి 230 వోల్టులకు సరిపెట్టవచ్చు. మోటారు రేకు మీద చూసి, తెలిసినవాని చేత మార్పించండి. లోపలికి లాగే కరెంటు బాగా ఎక్కువగా ఉంటుంది గనుక సర్వీసు తీగె, ఫ్యూజు దానికి తగినవి కావలె. బ్రేకు కాయిలు ఎన్ని వోల్టులదో విడిగా చూడండి. 415 వోల్టుల కాయిలయితే సింగిల్ ఫేజు మీద అది విడవదు. కాయిలు మార్చవలె. డ్రైవు మోటారు వైపు తీగెల మీద మాత్రం కలపకండి.